న్యాయమైన వెల



వస్తువునకు ధర చెప్పుట అందరికీ వచ్చును. ఆ ధర న్యాయమైనదా కాదా అని తేల్చవలసివచ్చినప్పుడే నోరు తడబడును. గత శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభలు చూచుకొని, మరునాడు నరసరావుపేటలో మా పెద్దమ్మగారి ఇంట దిగినప్పుడు నాకట్టి పరీక్ష ఎదురైనది. ఇన్నేండ్లుగా పిల్లలకు సంధులు, సమాసములు చెప్పుకొని బ్రతుకుచున్న నేను ఒక మోటారు కారునకు వెల కట్టవలసివచ్చునని కలలోనైన అనుకొనలేదు.

పెద్దమ్మగారికి ఎనుబది దాటినవి. ఆమె భర్త ప్రత్తి వ్యాపారము చేసినవారు. 1966లో మద్రాసు నుండి ఒక స్టాండర్డ్ హెరాల్డు కారు తెచ్చుకొన్నారు. రెండే తలుపులు, లేత నీలిరంగు. మరుసటి యేడు నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలినప్పుడు దంపతులిద్దరును ఆ కారులోనే మాచర్ల మీదుగా వెళ్ళి ఆనకట్ట చూచివచ్చినారు. ఆ ప్రయాణమును ఆమె నేటికిని నిన్న జరిగినట్లు చెప్పును. ఆయన లింగైక్యము చెంది ఇరువది రెండేండ్లయినది. నాటినుండి ఆ కారు పెరటిలోని రేకుల పాకలో, టార్పాలిను క్రింద, కోళ్ళకు కాపురమై ఉన్నది.

"నాయనా, నీ దగ్గర చదువుకున్న గురజాల కుర్రాడు ఒకడు వచ్చి దీన్ని నలభై వేలకు అడిగి వెళ్ళాడు. పాత ఇనుము కొట్టువాడు పాతిక వేలకు మించి ఒక్క రూపాయి ఇవ్వనన్నాడు. కుర్రాడికి ఇచ్చేయమంటావా?" అని ఆమె నన్నడిగినది.

ఇచ్చివేయుము అనబోయి ఆగినాను. ఆ రాత్రి నిద్రపట్టక సెల్‌ఫోనులో ఆ కారు పేరు వెదకి చూచినాను. అంతర్జాలపు అంగడిలో అట్టి రెండు తలుపుల కార్లు మూడు నాలుగు అమ్మకమునకున్నవి. ఒకదానికి మూడు లక్షలు అడుగుచున్నారు. ఎఱ్ఱరంగు వేసి మెరుగుపెట్టిన మరియొకదానికి ఆరున్నర లక్షలు. ఈ సంగతి పెద్దమ్మగారికి తెలియదు. నా శిష్యునకు తెలిసియుండక తప్పదు.

మన పాఠకులలో చిన్నవారికి ఈ కారు తెలియకపోవచ్చును గనుక నాలుగు మాటలు చెప్పుదును. ఇంగ్లండులో స్టాండర్డ్-ట్రయంఫ్ కంపెనీవారు 1959లో దీనిని విడుదల చేసినారు. దీని ఆకృతి దిద్దినవాడు జొవాన్ని మిచెలాట్టి అను ఇటలీ దేశస్థుడు. బానెట్టును మడ్‌గార్డులును కలిసి ఏకఖండముగా, మొసలి నోరువలె ముందుకు తెరచుకొనును. దీని చట్రమునే కొంత కురుచ చేసి ఆ కంపెనీవారు 1962లో స్పిట్‌ఫైరు అను రెండు సీట్ల స్పోర్ట్స్ కారును తయారు చేసినారు. మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వారు 1961 నుండి మనదేశపు హెరాల్డును చేసినారు. మద్రాసు చెంత షోళవరము విమానరంగముపై జరిగిన పందెములలో ఫియట్లతోపాటు ఇవియును పరుగెత్తినవి. కావున అది సంసారపు కారే అయినను పందెపు కారునకు దగ్గరి చుట్టము.

మరియొక విశేషము కలదు. ఈ కారునకు న్యాయమైన వెల యెంత అను ప్రశ్న ఒకప్పుడు మన సుప్రీంకోర్టు దాక వెళ్ళినది. ఆ దినములలో కొనదలచినవానికి అంబాసిడరు, ఫియట్టు, హెరాల్డు, ఈ మూడే దిక్కు. డబ్బు కట్టి ఏండ్ల తరబడి వేచియుండవలెను. 1969లో కేంద్రప్రభుత్వము ఈ మూటి వెలలను తానే నిర్ణయించినది. ఆ వెలలు గిట్టవని కంపెనీలు కోర్టుకెక్కినవి. విచారణ సంఘమొకటి ఏర్పడి లెక్కలన్నియు తీసినది. 1971లో తీర్పు వచ్చినది. తయారీకైన వ్యయమెంత, పెట్టుబడిపై సహేతుకమైన ప్రతిఫలమెంత, ఈ రెంటిని కూడి చూచి న్యాయమైన ధరను నిర్ణయించుట అక్కడ పద్ధతి. చదువుటకు ఎంతో హాయిగా నుండును. కాని అది కొత్త కారు లెక్క. చేసిన కంపెనీ కార్లు చేయుట మానినది, కొన్నవారు పోయినారు, పెట్టిన డబ్బు ఏనాడో అరిగిపోయినది. మిగిలిన ఇనుమునకును, దాని ఆకృతికిని, ఒక ముసలమ్మ జ్ఞాపకమునకును ఏ వ్యయమును కూడి, ఏ ప్రతిఫలమును కలుపవలెను?

మరునాడు శిష్యుని పిలిపించినాను. హైదరాబాదులో ఉద్యోగము చేయుచు, సెలవు దినములలో పాత వాహనములు బాగుచేయుట వ్యసనముగా పెట్టుకొన్నవాడు. మంచి పిల్లవాడు. నేనడిగినదానికి తడుముకొనక జవాబు చెప్పినాడు.

"నేను అబద్ధమేమైనా ఆడానా మాస్టారూ? ఆవిడ అడిగితే చెప్పేవాణ్ణే, అడగలేదు. ఇనుము కొట్టువాడికన్నా పదిహేను వేలు ఎక్కువే ఇస్తానన్నాను. నా కంట పడకపోతే అది గ్యాసు కట్టరు కింద ముక్కలయ్యేది. ఏ బోల్టు ఎక్కడిదో తెలుసుకోవడానికి పదేళ్ళు గారేజీల్లో గ్రీజు పూసుకుని తిరిగాను. నా తెలివికి ధర లేదంటారా?"

దీనికి వెంటనే సమాధానము చెప్పలేకపోయినాను. చట్టము చూచినను వానివైపే మొగ్గుచున్నది. 1872 నాటి భారత ఒప్పందముల చట్టము 17వ సెక్షనులో, వట్టి మౌనము మోసము కాదని ఉన్నది. ఇద్దరు వర్తకులు బేరమాడుచుండగా, ధరలు మారిన సంగతి ఒకనికి రహస్యముగా తెలిసినను రెండవవానికి చెప్పవలసిన పనిలేదని ఉదాహరణము కూడ ఇచ్చినారు. 25వ సెక్షనులో వేయి రూపాయలు చేయు గుఱ్ఱమును పది రూపాయలకు అమ్మ నంగీకరించినను, సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చినదైనచో ఆ ఒప్పందము చెల్లునని ఉన్నది. ధర మరీ తక్కువైనచో సమ్మతి నిజముగా స్వేచ్ఛగా ఇచ్చినదేనా అని న్యాయస్థానము ఆలోచింపవచ్చును, అంతే.

కాని అదే 17వ సెక్షనులో ఇంకొక ఉదాహరణము కలదు. లోపమున్న గుఱ్ఱమును అమ్ముచున్నవాడు తండ్రి, కొనుచున్నది అప్పుడే యుక్తవయస్సు వచ్చిన కుమార్తె. అప్పుడు తండ్రి నోరు విప్పి తీరవలెను. వారి సంబంధమే ఆ బాధ్యతను కలిగించును. ఇద్దరు వర్తకుల నడుమ చెల్లు మౌనము తండ్రీకూతుళ్ళ నడుమ చెల్లదని చట్టమే ఒప్పుకొన్నది. మరి గడపదాటి సంతకు వెళ్ళని ముసలమ్మ వర్తకురాలా? ఆమె చేతి మజ్జిగ త్రాగి, "అమ్మమ్మగారూ" అని పిలిచి బేరము మొదలుపెట్టినవాడు ఆమెకెవరు? చట్టము ఇంత దూరము రాలేదు. కాని అది చూపిన త్రోవ ఇటే వచ్చుచున్నది.

ఈ వాదము కొత్తది కాదు. రెండువేల యేండ్లకు పూర్వమే రోము నగరపు సిసెరో ఒక ధాన్యపు వర్తకుని ప్రశ్న చర్చించినాడు. రోడ్సు ద్వీపములో కరవు. అలెగ్జాండ్రియా నుండి ఒకడు ఓడనిండ ధాన్యముతో ముందుగా చేరుకొన్నాడు. వెనుక మరికొన్ని ఓడలు వచ్చుచున్నవని వానికి తెలియును, ఊరివారికి తెలియదు. చెప్పినచో ధర పడిపోవును. చెప్పవలెనా? చెప్పకుండుట వేరు, దాచుట వేరు అని డయోజెనీసు అను పండితుని పక్షము. కొనువానికి తెలియనిది అమ్మువాడు ఉంచుకొనరాదని ఆయన శిష్యుడు ఆంటిపాటరు పక్షము. అక్కడ కూడ గురుశిష్యులే ఎదురుబొదురుగా నిలిచినారు. కాకపోతే మా విషయమున పక్షములు తారుమారైనవి.

శరణుల చరిత్రలలో నులియ చందయ్యగారి వృత్తాంతము మనవారందరికి తెలిసినదే. ఆయన గడ్డి కోసి త్రాళ్ళు పేని అమ్మి, ఆ సొమ్ముతో జంగమ దాసోహము నడిపినవాడు. ఒకప్పుడు లింగమే ఆయనకు పరిచారకుడై ఆ త్రాటిని అమ్మకమునకు తీసికొనిపోగా, బసవేశ్వరుడు గుర్తించి వేయి బంగారు నాణెములిచ్చినాడనియు, చందయ్య ఆ సొమ్ము చూచి సంతోషింపక, త్రాటికి త్రాటి వెలయే రావలెనని తిరస్కరించినాడనియు చెప్పుదురు. ఇందు మోసము లేదు. కొన్నవాడు తెలిసియే, ఇష్టపడియే ఇచ్చినాడు. నేటి అర్థశాస్త్రము ప్రకారము అదే సరియైన ధర. అయినను త్రాటి వెలకు మించిన ఆ సొమ్ము తన కాయకమునకు చెందదని చందయ్య తలచినాడని నా భావన.

అయితే ఇక్కడ నాకొక సందేహము కలిగినది, దానిని దాచను. త్రాటి విషయము సులువు. గడ్డి ఎంత, పేనిన గంటలెన్ని అని లెక్కింపవచ్చును. పాత కారు త్రాడు కాదు. ఒకనికి చెత్త, ఒకనికి ముచ్చట. అందుచేత చందయ్యగారి కథనుండి అంకె రాదు. ఒక ప్రశ్న మాత్రము వచ్చును: ఈ లాభములో నా పనికి చెందినదెంత, చెందనిదెంత?

ఈ ప్రశ్న వేసికొన్నంతనే శిష్యునితో మాటలాడుటకు నాకున్న అధికారము సగము పోయినది. ఏల యన, సుమారు ఇరువది యేండ్ల క్రిందట నాతో పనిచేసిన ఉపాధ్యాయుడొకరు అకాలముగా పోయినారు. అప్పులున్నవి. ఆయన కుమారుడు ఇంటిలోని పుస్తకములను తూకమునకు అమ్ముచుండగా నేను వెళ్ళినాను. అందులో బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము పాత ముద్రణయొకటి, సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటములు కొన్ని ఉన్నవి. వానికోసము విజయవాడలో పాత పుస్తకములవారు వేలు ఇత్తురని నాకు తెలియును. నేను 180 రూపాయలిచ్చి తెచ్చుకొన్నాను. చెప్పకుండుట మాత్రమే అయినచో 17వ సెక్షను చాటున దాగియుందును. ఆ పిల్లవాడు "వీటికి ఇంకేమైనా వస్తుందా మాస్టారూ?" అని అడుగగా, "పాత పుస్తకాలు ఈ రోజుల్లో ఎవరు కొంటారు నాయనా" అన్నాను. ఆ నిఘంటువులను వారింటిలో ఎవరును తెరువరు, నావద్దనైనచో నిత్యము ఉపయోగపడునని ఆనాడు నాకు నేను చెప్పుకొన్నాను. అది నిజమే. అది ధర తగ్గించుటకు కారణమెట్లయినదో నేటికిని చెప్పలేను.

ఈ సంగతి నా శిష్యునకు చెప్పినాను. వాడు తలవంచుకొని విన్నాడు. తరువాత వాని ప్రశ్నకు నాకు తోచిన సమాధానమును చెప్పినాను. తుప్పు వదలించుట వాని కాయకము, ఇంజను విప్పి బిగించుట వాని కాయకము, పదేండ్లు నేర్చిన నేర్పునకు ప్రతిఫలము తీసికొనుట వాని హక్కు. ఆమెకు తెలియకపోవుట మాత్రము వాడు చేసిన పని కాదు. దానికి కూలి లేదు. "నీవే వెళ్ళి ఆమెకు చెప్పు, నేను చెప్పను" అన్నాను. నా బరువును వానిమీద పెట్టినానేమో అని తరువాత తోచినది.

వాడు వెళ్ళినాడు. మరుసటి ఆదివారము ఫోను తెరచి ఆ ప్రకటనలన్నియు ఆమెకు చూపినాడు. అంతటితో న్యాయము కుదిరినదని నేను సంతోషించుచుండగా కథ రెండవవైపునకు తిరిగినది. పెద్దమ్మగారి మనుమడు బెంగుళూరు నుండి ఫోను చేసి, ఏడు లక్షలకు ఒక్క పైసా తగ్గినను వద్దన్నాడు. 2022లో మెర్సిడెస్ కంపెనీవారి 1955 నాటి పందెపు కారొకటి, ఊలెన్‌హౌట్ కూపే యనునది, 13 కోట్ల 50 లక్షల యూరోలకు అమ్ముడుపోయినదని కూడ ఉదహరించినాడు. నిజమే, అమ్ముడైనది. కాని లోకములో అట్టివి రెండే ఉన్నవి. మన హెరాల్డులు వేలకొలది తయారైనవి.

ఆ ప్రకటనలలోని అంకెలను గూర్చి అప్పుడు ఆలోచించినాను. పూర్వము మన పశువుల సంతలలో ఎద్దుల బేరము తుండుగుడ్డ క్రింద వ్రేళ్ళతో సాగెడిది. చుట్టునున్నవారికి ధర తెలియదు, అమ్మువానికిని కొనువానికిని మాత్రము తెలియును. ఈ కొత్త అంగడిలో అంతయు తలక్రిందులు. అడుగు ధర లోకమంతటికి కనబడును, కుదిరిన ధర ఎవరికిని కనబడదు. ఆరున్నర లక్షలని వ్రాసినవాడు అమ్మినాడా, ఏడాదిగా అమ్ముడుపోక అట్లే ఉంచినాడా? ఆ అంకె అమ్మువాని ఆశ. దానిని వెల యనుకొనుట, ఇనుము కొట్టువాని మాటను వెల యనుకొనుటవంటి పొరపాటే. మా పెద్దమ్మగారి తెలియమి ఒకవైపు, మనుమని తెలిసీ తెలియని తెలివి ఒకవైపు. రెండవదే కష్టముగా తోచినది.

చివరకు నరసరావుపేటలోని ఒక వృద్ధ మెకానిక్కును పిలిచి, అందరి ఎదుట టార్పాలిను తీయించినాము. ఒక పూటంతయు పట్టినది. ఇంజను మీది సంఖ్యయు చట్రము మీది సంఖ్యయు ఆర్.సి. పుస్తకములోని వానితో సరిపోయినవి. ఇది పెద్ద విషయము. 2021లో కేంద్రప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము, మొదటి రిజిస్ట్రేషను నాటినుండి యాభై యేండ్లు దాటి, చట్రము, బాడీ, ఇంజను పెద్దగా మార్పు చెందని వాహనమునకే వింటేజి గుర్తింపు దొరకును. 20,000 రూపాయలు కట్టినచో వి.ఎ. అను అక్షరములతో ప్రత్యేకమైన నంబరు ఇత్తురు. దానితో నిత్యము రోడ్డుమీద తిరుగరాదు, ప్రదర్శనలకును ర్యాలీలకును తీసికొనిపోవచ్చును. అద్దములన్నియు పగులక ఉన్నవి. తలుపుల పిడులు, స్టీరింగు నాటివే.

కాని చట్రమునకు ప్రక్కలనున్న కమ్ములు తుప్పుతో పొరలు పొరలుగా రాలుచున్నవి. నేలరేకులో స్క్రూడ్రైవరు గ్రుచ్చగా ఆవలికి దిగినది. డైనమో లేదు. బంపరు ఒకటి లేదు. ఆర్.సి. పుస్తకము ఇంకను పోయినవారి పేరనే ఉన్నది. 31వ నమూనా దరఖాస్తు పెట్టి వారసుల పేరునకు మార్పించినగాని అమ్మకము కుదరదు. మనుమడు వీడియోలో ఇదంతయు చూచి కొంతసేపు మాటలాడలేదు.

అప్పుడు నా శిష్యుడు తన నోటుపుస్తకము తెరచి అందరి ముందు పెట్టినాడు. రేకుపని, రంగు, ఇంజను, దొరకని సామానులు అన్నియు కలిపి 3,60,000 రూపాయలు. బాగైన పిదప ఆరు లక్షలు రావచ్చును, రాకపోవచ్చును. ఏడాది ఆదివారముల శ్రమకును, విప్పిన తరువాత బయటపడు తుప్పునకును కలిపి 80,000 విడిచినచో 1,60,000 మిగులుచున్నది. నలుబది వేలు అడిగిన చేతితోనే ఈ లెక్క వ్రాసినాడు. శ్రమకు వేసినది ఎక్కువని మనుమడన్నాడు. తక్కువని మెకానిక్కన్నాడు. అయిదేండ్లలోపల మరల అమ్మినచో ఖర్చులుపోను పైన వచ్చినదానిలో సగము ఈ ఇంటికి చేర్పవలెనని ఒక కాగితము వ్రాసికొన్నాము.

కాగితముపై వ్రేలిముద్ర వేయుటకు ముందు పెద్దమ్మగారు, "నూట యాభై చాలు నాయనా. పది వేలు కుర్రాడు నిజం చెప్పినందుకు" అన్నది. నిజము చెప్పుట వాని ధర్మము, దానికి వెల ఇయ్యరాదని నేను అడ్డుపడినాను. మనుమడు కోపపడినాడు. ఆమె ఇద్దరి మాటయు వినలేదు. "ఆ బండి నడిచిననాడు నన్నొకసారి మాచర్ల దాకా తీసికెళ్ళమనండి, అంతే" అన్నది. 1,50,000 న్యాయమైన వెలయేనా అని నన్నెవరైన అడిగినచో ఆ అంకె మీద ప్రమాణము చేయలేను. ఆ పాకలో ఉన్నవారందరికీ తెలియని లెక్క ఏదియు మిగులలేదని మాత్రము చెప్పగలను.

ఊరికి వచ్చిన తరువాత నిఘంటువుల విషయము నన్ను విడువలేదు. నా మిత్రుని కుమారుని నంబరు సంపాదించి, పది రోజులు వెనుకముందాడి, ఫోను చేసినాను. అతనికిప్పుడు నలుబది దాటినవి. జరిగినది చెప్పి, ఆనాటి విలువనైనను పంపెదను, పుస్తకములనైనను పంపెదను, ఏది కావలెనో చెప్పుమన్నాను. అతడు చాలసేపు మౌనముగా ఉన్నాడు.

"ఆ నూట ఎనభై రూపాయలతో ఆ వారం బియ్యం కొన్నాం మాస్టారూ. అది గుర్తుంది. పుస్తకాల సంగతి అమ్మనడిగి చెప్తాను" అన్నాడు.

రెండు సంపుటములును అట్టపెట్టెలో కట్టి బల్లమీద పెట్టినాను. శబ్దరత్నాకరము మాత్రము, నిన్న ఒక పిల్లవాడు ఏదో పదమునకు అర్థమడుగగా, మరల బయటికి తీయవలసివచ్చినది.